నంబరు పడ్డ కుర్చీ

చెరువు బంగళా, వికారాబాద్
14 జూన్ 1959

ఎంకమ్మకు నీ వదినె భీమమ్మ రాస్తున్నది.

ఉత్తరమంటే 'అందరం క్షేమం' అని మొదలుపెట్టాలంటారు. ఇక్కడ ఉన్నది నేనొక్కదాన్నే, అందరం అని ఎట్లా రాయను? నేనున్నాను. చెరువులో నీళ్లున్నాయి. మీ అన్న నాటిన సపోటా చెట్టు ఈసారి మస్తుగా కాసింది. తినేవాడు లేడని దానికి ఎవరు చెప్పాలి?

మృగశిర నాడు గేటు కావలి యాదగిరి ఇంటినుంచి చేపల పులుసు తెచ్చిచ్చాడు. ముద్ద దిగలేదు. ఈ చెరువు చేపలను రొట్టె ముక్కలు వేసి పెంచింది ఎవరో నీకు తెలుసు కదా.

ఇప్పుడు అసలు సంగతి. జాగీర్లు పోయినప్పటినుంచీ బంగళాకు తాళమే. తోటను మాత్రం మేము చూసుకుంటూ వచ్చాం. ఇప్పుడు సర్కారు దీన్ని మ్యూజియం చేసింది. నన్నూ తోట పనికి ఉంచుకున్నారు, ఆ ఫికర్ లేదు. మ్యూజియం అంటే ఏమిటో నీకు తెలియకపోతే చెప్తాను విను. మనం తుడిచి తుడిచి నడుములు విరగ్గొట్టుకున్న సామాన్లనే ఇప్పుడు జనం టికెట్టు కొనుక్కొని వచ్చి చూసిపోతారు. తుడిచినన్నాళ్లూ మనకు టికెట్టు లేకుండానే చూపించారు, అది మన అదృష్టం.

పట్నంనుంచి కళ్లద్దాల సారు వచ్చాడు. కోస్తా దిక్కు మనిషి, మంచివాడే. అందరినీ 'అండీ' అంటాడు. తోటలోకి మేక వస్తే దాన్ని కూడా 'పోండి, పోండి' అన్నాడని యాదగిరి ఒట్టు పెట్టి చెప్తున్నాడు. ఆ సారు బంగళాలోని ప్రతి సామానుకూ ఎర్ర రంగుతో నంబరు వేయించాడు. అద్దాలకు, దీపాలకు, హుక్కాలకు, ఆఖరుకు ఉమ్మి గిన్నెలకు కూడా. ఆ ఊపులో చెరువు దిక్కు వరండాలో ఉన్న మావాడి కుర్చీకి కూడా పడింది నంబరు.

నీకు యాదికుందా ఆ కుర్చీ? పాత పడవ కుళ్లిపోతే పలకలు ఊడదీసి వాడే చేశాడు. కుడి చెయ్యి పొట్టిది, ఎందుకంటే పలక అక్కడికే అయిపోయింది. వరండా నేల చెరువు దిక్కు వాలి ఉంటుందని ముందుకాళ్లు పొడుగు చేశాడు, వెనకకాళ్లు పొట్టి చేశాడు. ఇప్పుడు దాన్ని పెద్ద హాలులో సాపు నేల మీద పెట్టి చుట్టూ తాడు కట్టారు. పాపం అది వెనక్కి వాలిపోయి పైకప్పు దిక్కు చూస్తున్నది. పక్కన ఒక అట్ట. 'జాగీర్దారు గారు సాయంకాలం వేళ విశ్రమించిన ఆసనం' అట.

ఇది ఎట్లా జరిగిందంటే, సారు నన్ను పిలిచి, "ఈ కుర్చీలో ఎవరు కూర్చునేవారమ్మా?" అని అడిగాడు. వాడి పేరు నా నోట్లోకి రాలేదు ఎంకమ్మా. శివరాత్రి జ్వరంలో వాడు పోయినప్పటినుంచీ రావడం లేదు. అందుకని పేరు లేకుండానే చెప్పాను. "గీడనే కూసుంటుండె సారూ. పొద్దు గూకంగ చాపలకు రొట్టె ఏస్తుండె. బాతులను తిడుతుండె. రాగం రాకున్న పాటలు పాడుతుండె" అన్నాను. సారు అంతా రాసుకొని, "ఆహా, ఎంత చల్లని మనసండీ!" అన్నాడు. మావాడిని మెచ్చుకున్నాడనుకొని గుడిసెలోకి పోయి కరువుదీరా ఏడ్చాను. తెల్లవారి వచ్చి చూస్తే అట్ట మీద జాగీర్దారు!

చాకలి బిచ్చయ్య కూడా మాటిమాటికీ వచ్చిపోతున్నాడు. పోయినవాడి సామాను చాకలికి ఇవ్వాలి కదా. బట్టలిచ్చాను, గొంగడి ఇచ్చాను, మంచం ఇచ్చాను. కుర్చీ ఒక్కటి ఇవ్వడానికి చేయి రాలేదు. "భీమక్కా, కుర్చీ గూడ నాదేనాయె" అంటాడు. ఏడాది నిండేదాకా ఆగమన్నాను. ఇప్పుడు అది నాదీ కాకుండా పోయింది, వాడిదీ కాకుండా పోయింది.

నాకు నా కొడుకు కుర్చీ కావాలి. ఏం చేయాలో రాయి.

నీ వదినె,
భీమమ్మ

తాండూరు
23 జూన్ 1959

వదినెకు ఎంకమ్మ దండాలు.

నీ ఉత్తరం అందినప్పుడు నేను కందులు చెరుగుతున్నాను. చదివి చేట కిందపడేశాను. కందులు ఇల్లంతా అయినాయి, కోళ్లకు పండుగ అయింది. పక్కింటి కన్నడామె తలుపులోంచి తొంగిచూసి "ఊట ఆయ్తా?" అని అడిగింది. భోజనమైందా అని. నా మేనల్లుడి మీద సర్కారు కేసు పెడితే నాకు భోజనమెక్కడిది!

అవును వదినె, నాకు అంతా అర్థమైంది. నువ్వు నేను పరేషాన్ అవుతానని సుతారంగా రాసినావు. మా ఆయన నర్సప్పకు చదివి వినిపిస్తే, "నంబరు పడ్డదంటే కేసు పడ్డట్టే. తాడు గట్టిన్రంటే జప్తయినట్టే" అన్నాడు. ఆ పడవ జాగీర్దారుది కాబట్టి, పలకలు కూడా జాగీర్దారువే కాబట్టి, మా కిష్టప్ప దొంగిలించి కుర్చీ చేసుకున్నాడని సర్కారు అంటున్నది. అంతేనా? వాళ్లకు నా మాటగా చెప్పు. మా కిష్టప్ప దొంగ కాదు. చిన్నప్పుడు మా ఇంట్లో బెల్లం ఎత్తుకపోయేది నిజమే. అది మేనత్త ఇల్లు, దొంగతనం లెక్కలోకి రాదు.

ఇంకొక మాట. కోపం తెచ్చుకోకు, తెచ్చుకున్నా నాకేం భయం లేదు. పదోనాడే నేను చెప్పలేదా, "సచ్చినోని సామాను ఇంట్ల వెట్టుకోవద్దు, బిచ్చయ్యకు ఇచ్చెయ్యి" అని? వినకపోతివి. ఇప్పుడు చూడు, సర్కారే వచ్చి ఎత్తుకుపోయింది. లోకంలో ఎక్కడన్నా ఉందా ఇది! చాకలికి ఇవ్వాల్సింది సర్కారుకు ఇస్తే, రేపు సర్కారు వచ్చి మన బట్టలు ఉతుకుతుందా? ఏడాది లోపల చాకలి చేతికి అందకపోతే పిల్లవాడి జీవుడు ఆ కుర్చీ చుట్టే తిరుగుతాడంటారు పెద్దలు. ఆ తాడు కూడా దాటాలి పాపం.

నువ్వు భయపడకు. నేను ఉపాయం ఆలోచించాను. సర్కారుకు కావలసింది లెక్క. ఒక సామాను తగ్గితే వాళ్ల నౌకరీ పోతుంది. అందుకని ఒకటి ఇచ్చి ఒకటి తెచ్చుకుంటే సరి. నర్సప్ప తన కార్ఖానాలో మంచి తాండూరు బండతో ఒక బెంచీ కొట్టిస్తున్నాడు. అది వాళ్లకిచ్చి కుర్చీ తెస్తాడు. కుర్చీకి బదులు బెంచీ ఇస్తే సర్కారుకే లాభం. ముగ్గురు కూర్చోవచ్చు.

సపోటాలు నర్సప్ప చేతికిచ్చి పంపు. తినేవాళ్లు ఇక్కడున్నారు.

నీ ఆడబిడ్డ,
ఎంకమ్మ

చెరువు బంగళా
19 జూలై 1959

ఎంకమ్మా,

కేసు లేదు. జప్తు లేదు. మావాడిని ఎవరూ దొంగ అనలేదు. నువ్వు చెప్పేది వినకముందే పరుగెత్తే మనిషివి, మీ అన్న కూడా ఇట్లాగే ఉండేవాడు, మీ వంశమే అంత.

నర్సన్న వచ్చిపోయాడు. మీ ఇంటికి చేరేటప్పటికి ఏం చెప్పాడో నాకు తెలియదు, ఇక్కడ జరిగింది నేను చెప్తాను.

వికారాబాద్ టేషన్లో బెంచీని దింపడానికి హమాలీలు చాలక, రైలు దిగిన పెండ్లివాళ్లు కూడా చేయి వేశారట. అక్కడినుంచి ఎద్దుబండి మీద వచ్చింది. నున్నగా, నీలంగా, చెరువు నీళ్ల తీరుగా మెరిసిపోతున్నది. నిజం చెప్పొద్దూ, చూడగానే నాకే కూర్చోబుద్ధి పుట్టింది. నర్సన్న తలరుమాలు సర్దుకొని, సారు ముందు నిలబడి, "సారూ, గీ బెంచి మా దిక్కెంచి" అన్నాడు. ఇంకా 'గా కుర్చీ మాకియ్యిన్రి' అనేది మిగిలే ఉంది. సారు ఆ సగం మాటకే కళ్లద్దాలు తీసి కళ్లు తుడుచుకున్నాడు. "విరాళమా! ఈ మ్యూజియానికి వచ్చిన తొలి విరాళమండీ ఇది!" అని నర్సన్నను కౌగిలించుకున్నాడు. యాదగిరి పరుగెత్తి బంతిపూల దండ తెచ్చాడు. ఫోటో తీసేవాడు కూడా ఆ రోజు ఎందుకు వచ్చి ఉన్నాడో, మన కర్మ.

దండ మెడలో పడగానే నర్సన్న ఛాతీ ఎట్లా పొంగిందంటే, మిగిలిన సగం మాట దాని కింద పడి చచ్చిపోయింది. నేను పక్కనుంచి కొంగుతో సైగ చేశాను, దగ్గాను, కాలు తొక్కాను. "జర ఆగు చెల్లె, ఫోటోల కండ్లు మూతవడుతయి" అన్నాడు. చాయ తాగాడు, సపోటాలు తీసుకున్నాడు, రైలెక్కాడు.

ఆ సాయంత్రమే బెంచీకి కూడా నంబరు పడింది. సంపెంగ చెట్టు కింద పెట్టి చుట్టూ తాడు కట్టారు. అట్ట మీద ఏం రాశారో తెలుసా? రంగులు వేసే పిల్లగాళ్లు ఏ సామానుకైనా ఒకటే రాస్తారు కదా, 'జాగీర్దారు గారి కాలం నాటిది' అని. పోయిన నెలలో చెక్కిన బండ! ఇప్పుడు జాగీర్దారుకు కూర్చోవడానికి కుర్చీ ఉంది, బెంచీ ఉంది. నాకు అరుగు కూడా లేదు.

ఇక లాభం లేదని నేనే సారు ముందుకు పోయి, ఆ కుర్చీ నా కొడుకుదని, రొట్టె వేసింది, పాటలు పాడింది అంతా వాడేనని చెప్పాను. పాపం ఆ సారు చేతిలోని కలం కింద పెట్టేశాడు. నన్ను కూర్చోమన్నాడు. నేను కింద కూర్చుంటే తానూ కుర్చీ దిగి కింద కూర్చున్నాడు. "నేను నమ్ముతున్నానమ్మా. కానీ ఏం చేయను? నంబరు పడిపోయింది. నంబరు పడిన వస్తువు గడప దాటాలంటే పైవాళ్లు ఒప్పుకోవాలి. జాగీర్దారు గారి వాళ్లెవరైనా వచ్చి ఇది మాది కాదంటే తప్ప పైవాళ్లు వినరు" అన్నాడు. రాసి చూస్తానన్నాడు. అట్ట మాత్రం అట్లాగే ఉంది.

నాకు అన్నిటికంటే కష్టంగా ఉన్నది ఏమిటో చెప్పనా? జనానికి ఆ కుర్చీయే అన్నిటికన్నా నచ్చుతున్నది. బంగారు అంచుల గిన్నెలు చూసి "ఊ" అంటారు, కత్తులు చూసి "ఊ" అంటారు. కుర్చీ దగ్గరికి వచ్చి, యాదగిరి బాతుల కథ చెప్పగానే నవ్వుతారు. "ఎంత మంచి మనిషో" అంటారు. నేను చీపురు పట్టుకొని పక్కనే ఉంటాను. నా కొడుకును మెచ్చుకుంటున్నారు, ఇంకొకరి పేరు పెట్టి.

బిచ్చయ్య మాత్రం తన హక్కు వదలలేదు. ప్రతి శుక్రవారం టికెట్టు కొనుక్కొని వచ్చి, తాడు దగ్గర నిలబడి, "నా కుర్చీకి చెదలు వట్టనియ్యకు యాదగిరీ, పైలం" అని చెప్పి పోతున్నాడు.

నర్సన్నను ఏమీ అనకు. దండ వేస్తే మనిషి కరుగుతాడు.

భీమమ్మ

తాండూరు
30 ఆగస్టు 1959

వదినెకు,

దండాలు పెట్టడం లేదు. ముందు నేను అడిగేదానికి జవాబు చెప్పు, తర్వాత పెడతాను.

నర్సప్పను ఏమీ అనకు అన్నావు. అనకుండా ఎట్లా? ఆ ఫోటోకు అద్దం కట్టించి దేవుని పటాల పక్కన తగిలించాడు. పొద్దున నేను దీపం పెడితే తన ఫోటో దిక్కు కూడా కొంచెం తిప్పమంటాడు. 'కుర్చీ ఏదయ్యా' అంటే 'మాట్లాడి వచ్చిన' అంటాడు. ఎవరితో? ఫోటో తీసేవాడితో!

అది పోనీ. మొన్న ధారూర్ నుంచి రైల్లో వచ్చిన ఒకామె మా ఇంటి ముందు కూర్చొని చెప్పింది. వికారాబాద్ దగ్గర చెరువు బంగళా చూసి వచ్చిందట. అక్కడ ఒక ముసలామె జాగీర్దారు కుర్చీ ముందు నిలబడి కొంగుతో కళ్లు ఒత్తుకుంటుందట. "ఎంత ఇస్వాసమో తల్లీ, దొర వోయినా ఇంక ఏడుస్తనే ఉంది" అన్నది. చుట్టూ ఉన్నవాళ్లంతా అయ్యో అన్నారు. ఒకామె అయితే ముక్కు కూడా చీదింది.

వదినె, ఆ ముసలామె నువ్వేనా? నువ్వు ఆ జాగీర్దారు కోసం ఏడుస్తున్నావని రైలంతా చెప్పుకుంటున్నది! సంపెంగ తోటలో మొగ్గలు రాలితే మా అన్నను ఎండలో నిలబెట్టినవాడు కాదా ఆయన? పేరు చెప్తే చంటిపిల్లలు ఏడుపు ఆపేవాళ్లు కదా! ఆయనకు చల్లని మనసట, పాటలట. ఇదంతా నువ్వు చెప్తేనే రాశామని యాదగిరి అందరికీ చెప్తున్నాడట. మా అన్న పై లోకంలో ఇది వింటే ఏమనుకోవాలి? కొడుకు కుర్చీ తెమ్మంటే కొడుకునే తీసుకుపోయి వాళ్లకిచ్చినావు.

నాకు తెలుసు, నువ్వు అందుకు ఏడవడం లేదని. అయినా అడుగుతున్నాను. ఎందుకంటే పదిమంది ముందు ఆమె మాట తప్పు అని నేను అనలేకపోయాను. నాకు కూడా వాడి పేరు ఎత్తితే ఏడుపొస్తుందని ఊరుకున్నాను.

శివరాత్రి మళ్లీ ఆరు నెలల్లో వస్తుంది. బిచ్చయ్యకు ఎట్లా ఇస్తావో నువ్వే చూసుకో.

సపోటాలు తియ్యగా ఉన్నాయి. ఆ మాట మాత్రం కోపంలో రాయడం లేదు.

ఎంకమ్మ

చెరువు బంగళా
18 అక్టోబరు 1959

ఎంకమ్మా,

నీ ఉత్తరం చదివి కొన్నాళ్లు నీతో మాట్లాడొద్దనుకున్నాను. నువ్వు తాండూరులో ఉంటే నేనిక్కడ మాట్లాడకపోతే నీకేం తెలుస్తుంది, నాకే నోరు నొప్పి. అందుకని రాస్తున్నాను.

ఆ ముసలామె నేనే. ముసలామె అన్నందుకు ఆ ధారూర్ ఆమెను దేవుడు చూసుకుంటాడు. ఏడ్చింది ఎవరి కోసమో నీకు వేరే చెప్పను.

ఈసారి బతుకమ్మ ఆడలేదు. తోటలో తంగేడు, గునుగు కోసి ఆడపిల్లలకు ఇచ్చాను. చెరువు నిండా పూలు తేలుతుంటే వరండాలో కూర్చొని చూశాను. దసరా అయిన మరునాడు ఒక కారు వచ్చింది. అందులోనుంచి చోటీ బీబీ దిగింది. జాగీర్దారు చిన్నబిడ్డ. నీకు గుర్తుండాలి, తెల్లగా, సన్నగా, మనం పూలు కోస్తుంటే మేడ మీదనుంచి చూసేది. ఇప్పుడు జుట్టంతా నెరిసింది. టికెట్టు కొనుక్కొని లోపలికి వచ్చింది ఎంకమ్మా! తను పుట్టిన ఇంటికి టికెట్టు.

యాదగిరికి ఆమె ఎవరో తెలియదు. ఎప్పటిలెక్కనే కుర్చీ దగ్గర అందుకున్నాడు. జాగీర్దారు గారు పొద్దుగూకే వేళ ఇక్కడ కూర్చొని చేపలకు రొట్టె వేసేవారు, బాతులతో ముచ్చట పెట్టేవారు, పాడేవారు అని. ఈ మధ్య వాడు సొంతంగా కొంత కలుపుతున్నాడు. జాగీర్దారు గారి పాట విని వాన పడేదని కూడా చెప్పాడు.

బీబీ చేతి గొడుగు కింద పడింది. "అబ్బాజానా? చాపలకు రొట్టెనా? మా అబ్బాజాన్‌కు నీళ్లంటేనే డర్! గీ ఇల్లు అబ్బాజాన్ నాయన, మా దాదా కట్టిండు. అబ్బాజాన్ చెరువు దిక్కు కిడ్కీలు ఎన్నడు తెరవనియ్యలే" అన్నది. చూడు ఎంకమ్మా, నీళ్లకు భయపడే మనిషికి నీళ్ల ఒడ్డు ఇల్లు. మనం ఇన్నేండ్లు ఊడ్చినా ఈ సంగతి తెలియలేదు.

యాదగిరికి ఏమనాలో తెలియక నా దిక్కు చూపించాడు. "నాకేం ఎరుక బీబీ, గీ భీమమ్మనే చెప్పింది" అన్నాడు. మొనగాడు!

నేను ఆమెను సంపెంగ చెట్టు కిందికి తీసుకుపోయాను. నర్సన్న బెంచీ తాడు ఎత్తి కూర్చోబెట్టాను. ఆమెను కూర్చోవద్దనడానికి ఎవరికి ధైర్యముంది? నేను కింద కూర్చొని అంతా చెప్పాను. పడవ పలకలు, పొట్టి చెయ్యి, శివరాత్రి జ్వరం అన్నీ. ఆమె గొడుగు మడిచి పక్కన పెట్టింది. నేను తిడుతుందనుకున్నాను. తిట్టలేదు.

"భీమమ్మా, నాకెరుకే మా అబ్బాజాన్ ఎసుంటోడో. గీ ఊర్ల ఆయన పేరు మంచిగ ఎవ్వరు దీయరు. ఇయ్యాల గాయన గురించి ఒక మంచిమాట ఇన్న. జనం నవ్విన్రు, అచ్ఛా ఆద్మీ అన్నరు. జూటనే. గాని జర గట్లనే ఉండనియ్యరాదు?" అన్నది.

తండ్రి మీద బిడ్డకు ఉండే ఆశ, అది మనకు తెలియనిదా? ఒక్క నిమిషం సరే అనబోయాను. నిజం. ఆమె మొహం అట్లా ఉంది.

కానీ అనలేదు. "బీబీ, మీ నాయనకు గీ ఇల్లుంది. గోడమీద తస్వీరుంది. తోట ఉంది, పట్నంల దేవిడీ మేడ ఉంది. నా కొడుక్కు గా కుర్చీ ఒక్కటే ఉంది. ఇంక వాని పాటలు గూడ మీ నాయనకే ఇయ్యమంటవా?" అన్నాను.

ఆమె తలదించుకుంది. "క్యా నామ్ థా? నీ కొడుకు పేరేంది?" అని అడిగింది.

"కిష్టప్ప" అన్నాను.

వచ్చేసింది ఎంకమ్మా. అంత తేలికగా వస్తుందనుకోలేదు. వచ్చిన తర్వాత ఆగలేదు. కిష్టప్ప ఇట్లా, కిష్టప్ప అట్లా అని ఒకటే చెప్పాను. బీబీ అడిగింది, "సచ్? నిజంగనా? అంత ఖరాబుగ పాడుతుండెనా?" అని. "ఖరాబంటే గట్ల గిట్ల గాదు బీబీ. వాడు ఎత్తుకుంటే బాతులు అవుతలి ఒడ్డుకు వోతుండె. గందుకే వాటిని తిడుతుండె" అన్నాను. ఆమె నవ్వింది. నేనూ నవ్వాను. యాదగిరి దూరంనుంచి చూసి, మేమిద్దరం కొట్లాడుకుంటున్నామనుకొని సారును పిలుచుకొచ్చాడు.

ఆమె సారుతో ఏమీ మాట్లాడకుండా కారెక్కి పోయింది. ఏం చేస్తుందో తెలియదు. కోపం వచ్చిందేమో, బాధపడిందేమో.

నువ్వు నన్ను అన్న మాటలు మర్చిపోయాను. రెండు మూడు గుర్తున్నాయి, అవి నువ్వు వచ్చినప్పుడు మాట్లాడుకుందాం.

నీ వదినె,
భీమమ్మ

తాండూరు
2 నవంబరు 1959

మా వదినెకు ఎంకమ్మ రెండు దండాలు. ఒకటి పోయినసారి బాకీ.

నీ ఉత్తరం నర్సప్పకు చదివి వినిపించలేదు. నేనే నాలుగుసార్లు చదువుకున్నాను. ఆయన "ఏం రాసింది, నా బెంచి మంచిగున్నదట్నా?" అని అడిగాడు. ఒక బేగం సాహెబు కూర్చున్నదని చెప్పాను. అప్పటినుంచి కార్ఖానాకు వచ్చినవాళ్లందరికీ, నిజాం వంశమే ఆ బెంచీ మీద కూర్చొని ఏడ్చిందని చెప్తున్నాడు. ఏడ్చింది కాదయ్యా నవ్విందంటే, "నవ్వితే బెంచికి ఇజ్జత్ ఏముంది?" అంటాడు.

ఆ ధారూర్ ఆమె మళ్లీ కనబడింది. ఈసారి పదిమంది ఉన్నప్పుడే గట్టిగా చెప్పాను. "గామె మా వదినె. ఏడిసింది దొర కోసం గాదు, మా మేనల్లుడు కిష్టప్ప కోసం. కుర్చీ వాడే చేసిండు. పాటలు వాడే పాడిండు" అని. ఆమె నమ్మలేదు. "అట్ట మీద రాసుందమ్మా" అన్నది. నీకు చదువు వచ్చా అంటే రాదన్నది!

వదినె, నువ్వు మంచి పని చేశావు. నేనైతే ఆమె మొహం చూసి సరే అనేదాన్ని, తర్వాత ఇంటికొచ్చి నర్సప్పను తిట్టేదాన్ని.

అయినా ఏడాది దగ్గరపడుతున్నది. ఆ సంగతి మరవకు. చలి పడుతున్నది, నర్సప్ప పాత దుప్పటి ఒకటి పంపుతున్నాను. చిరుగు కనబడకుండా మడతపెట్టాను, విప్పిన తర్వాత తిట్టుకో.

నీ
ఎంకమ్మ

చెరువు బంగళా
2 ఏప్రిల్ 1960

ఎంకమ్మా, ఓ ఆడబిడ్డా,

కూర్చొని చదువు. నిలబడితే మళ్లీ చేట కింద పడేస్తావు.

కుర్చీ వచ్చింది.

చోటీ బీబీ పట్నంలో పైవాళ్ల దగ్గరికి పోయి, ఆ కుర్చీ మా ఇంటిది కాదు, మా వాళ్లెవరూ ఎన్నడూ దానిలో కూర్చోలేదు అని రాసి సంతకం పెట్టిందట. శివరాత్రికి ముందే సారుకు హుకుం వచ్చింది. ఆ రోజు ఆయన సంబరం చూడాలి. తానే కత్తి తెచ్చుకొని, నేల మీద కూర్చొని, ఎర్ర నంబరు గీకేశాడు. సగం గీకిన తర్వాత వేలు తెగింది. "పర్వాలేదండీ, పర్వాలేదండీ" అని నాతో అంటున్నాడు, రక్తం ఆయనదే. నేనే పసుపు అద్దాను.

బెంచీ గురించి మాత్రం బీబీ ఏమీ రాయలేదు. అది జాగీర్దారుదే అయి కూర్చుంది. నర్సన్నకు ఈ సంగతి నువ్వు చెప్పుకో.

బీబీ ఇంకొక మాట కూడా చెప్పి పంపిందట, చెరువు దిక్కు కిటికీలన్నీ తెరిచి ఉంచమని. తుప్పు పట్టిన గడియలు యాదగిరి నూనె పోసి ఊడదీశాడు. హాలులోకి గాలి, వెలుతురు వచ్చాయి. ఆ ఇంట్లో ఇంత దుమ్ముందని నాకే తెలియదు, ఇన్నేండ్లు ఊడ్చి సిగ్గయింది.

ఏడాది మాసికం నాడు బిచ్చయ్యను పిలిచాను. కుర్చీని వరండాకు తెచ్చిపెట్టాము. అక్కడ నిలబెట్టగానే అది సాపుగా నిలబడింది. ఇక పైకప్పు దిక్కు చూడ్డం లేదు. నేను దానికి పసుపు కుంకుమ పెట్టి, బిచ్చయ్య చేయి పట్టుకొని దాని మీద పెట్టి, "కిష్టప్ప పేరు మీద ఇస్తున్న, తీసుకో" అన్నాను. నా చేత్తోనే ఇచ్చాను. చేయి తీసేటప్పుడు కొంచెం ఆలస్యమైంది. బిచ్చయ్య తొందరపెట్టలేదు.

తర్వాత ఏమైందంటే, బిచ్చయ్య దాన్ని ఎత్తి గాడిద మీద పెట్టబోయాడు. గాడిద ఒప్పుకోలేదు. భుజాన వేసుకొని నాలుగడుగులు వేశాడు. దించాడు. తల గోక్కున్నాడు. "భీమక్కా, గిది నా గుడిసెల వట్టదు. వట్టినా నా పెండ్లాం చలికాలం రాంగనే పొయ్యిల వెడ్తది. ఈడనే ఉండనియ్యరాదు? నాది అనే మాట ఉంటే చాలు" అన్నాడు.

సారును అడిగాము. 'బయటి మనిషి సొంత సామాను వరండాలో ఉంచుకోవచ్చా' అని ఆయన చాలా ఆలోచించాడు. చివరికి, దానికి నంబరు లేదు కాబట్టి అది ఉన్నట్టు సర్కారుకు తెలియదు, తెలియని దాన్ని తీసేయమని తాను ఎట్లా అంటానన్నాడు. కొత్త అట్ట రాయిస్తాను, కిష్టప్ప పేరు పెడతాను అన్నాడు కూడా. నేను వద్దన్నాను. అట్ట పెడితే జనం చదివి పోతారు, కూర్చోరు. ఈ బంగళాలో మనిషి నడుము వాల్చే జాగా ఒక్కటీ లేదు, అన్నీ చూసేవే.

ఇప్పుడు అలసిపోయినవాళ్లు వరండాలోకి వచ్చి అందులో కూర్చుంటున్నారు. పిల్లతల్లులు కూర్చుంటున్నారు. బిచ్చయ్య శుక్రవారం శుక్రవారం వచ్చి, టికెట్టు కొనకుండా, ఠీవిగా నిలబడి, "కూసోన్రి, కూసోన్రి, గిది నా కుర్చీనే. కిష్టప్పని ఒక మంచి పిలగాడు చేసిండు" అని మర్యాద చేస్తున్నాడు. ఒక తహసీల్దారు కూర్చుంటే మాత్రం, "జర మెల్లగ సారూ, మీ బరువు చూసి చేసింది గాదు" అన్నాడట.

మన వాళ్లెవరైనా చాకలికి ఇచ్చినారా అని అడిగితే, ఇచ్చినాము అని చెప్పు. మరి ఎక్కడుందని అడిగితే బిచ్చయ్యను అడగమను.

నిన్న సాయంత్రం జనమంతా పోయిన తర్వాత నేను వరండా ఊడుస్తున్నాను. బిచ్చయ్య మెట్ల మీద కూర్చొని బీడీ తాగుతున్నాడు. నేను చీపురు పక్కన పెట్టి, "బిచ్చయ్యా, నీ కుర్చీల జర కూసోనా?" అని అడిగాను.

"అయ్యో, కూసో అక్కా. ఎంతసేపన్న కూసో" అన్నాడు.

కూర్చున్నాను. కుడి చెయ్యి ఎక్కడ పెట్టాలో తెలియక ఒళ్లో పెట్టుకున్నాను. పొద్దు గూకేదాకా లేవలేదు.

నీ వదినె,
భీమమ్మ